పాటల యుద్ధాలు – 7: ఇక్కడ ఫిర్యాది, అక్కడ ముద్దాయి

1998 జులై 23న వాషింగ్టన్‌లో అమెరికా సెనేట్ న్యాయ వ్యవహారాల కమిటీ ఒక విచారణ పెట్టింది. సాక్ష్యం చెప్పడానికి వచ్చినవాళ్లలో రాబ్ గ్లేజర్ ఒకడు. సియాటిల్‌లోని రియల్‌నెట్‌వర్క్స్ కంపెనీకి అధిపతి. చెప్పాల్సింది నోటితో చెప్పి ఊరుకోలేదు, సెనేటర్ల ఎదుటే కంప్యూటర్ మీద చేసి చూపించాడు. ఇదిగో మా రియల్‌ప్లేయర్, బాగానే పనిచేస్తోంది. ఇప్పుడు ఇదే కంప్యూటర్‌లోకి మైక్రోసాఫ్ట్ వాళ్ల కొత్త మీడియా ప్లేయర్ ఎక్కిస్తున్నాం. ఇదిగో, మాది చెడిపోయింది. మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ మా సాఫ్ట్‌వేర్‌ను పాడుచేస్తోందన్నది అతని అభియోగం.

మైక్రోసాఫ్ట్ వెంటనే జవాబిచ్చింది. గ్లేజర్ చూపించింది ఇంకా పరీక్ష దశలో ఉన్న కొత్త రియల్‌ప్లేయర్ అనీ, బగ్ ఉన్నది అందులోనే అనీ, తమ ప్లేయర్‌ది ఏ తప్పూ లేదనీ అంది.

రెండు ప్రోగ్రాములు ఒకే కంప్యూటర్‌లో ఉన్నాయి. రెండోది వచ్చాక మొదటిది పడిపోయింది. అది పొరపాటా, కావాలని చేసిన పనా? పాటలు వినే సాఫ్ట్‌వేర్ల మధ్య ఆ తర్వాత పదహారేళ్లపాటు సాగిన తగాదాలన్నీ తిరిగి తిరిగి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చాయి. అడిగేవాళ్లు మారారు, అడిగించుకునేవాళ్లు మారారు. ఆశ్చర్యమేమిటంటే, చాలాసార్లు వాళ్లూ వీళ్లూ ఒకళ్లే.

గ్లేజర్ మైక్రోసాఫ్ట్‌కు పరాయివాడేమీ కాదు. 1983 నుంచి పదేళ్లు అక్కడే పనిచేసి, పెద్ద హోదాకు ఎదిగి, 1993లో బయటికొచ్చాడు. మరుసటి ఏడు ప్రోగ్రెసివ్ నెట్‌వర్క్స్ పేరుతో కంపెనీ పెట్టాడు. 1995 ఏప్రిల్‌లో రియల్ఆడియో విడుదలైంది. ఆ రోజుల్లో ఇళ్లలో ఉన్నది 14.4, 28.8 కిలోబిట్ల మోడెములు. నాలుగు నిమిషాల ఎంపీ3 పాట 14.4 మోడెమ్ మీద దించుకోవాలంటే అరగంట దాటేది. రియల్ఆడియో ఆ నిరీక్షణను తీసేసింది. ధ్వనిని బాగా కుదించి, ముక్కలు ముక్కలుగా పంపి, మొదటి కొన్ని క్షణాల ముక్కలు చేరగానే మోగించడం మొదలుపెట్టేది. మిగతావి వెనకాల వస్తూనే ఉండేవి. నాణ్యత టెలిఫోన్‌లో విన్నట్టుండేది. అయినా 1995 సెప్టెంబరు 5న సియాటిల్ మారినర్స్, న్యూయార్క్ యాంకీస్ జట్ల బేస్‌బాల్ ఆట వ్యాఖ్యానాన్ని ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా వినిపించినప్పుడు, రేడియోకు ఇక కొత్త దారి దొరికిందని అందరికీ అర్థమైంది.

మనవాళ్లకూ ఈ రియల్‌ప్లేయర్‌తో పాత పరిచయమే. తొంభైల చివర అమెరికా వెళ్లిన తెలుగు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు రాగా లాంటి సైట్లలో ఘంటసాల పాట మీద నొక్కితే తెరుచుకున్నది ఈ నీలం ప్లేయరే. ‘బఫరింగ్’ అన్న మాట ఎంతోమందికి మొదట ఎదురైంది దాని అడుగు పట్టీలోనే. పల్లవి అయిపోయి చరణం అందుకునేలోగా ఆగిపోవడం, మళ్లీ మొదలవడం, ఫోన్ లైన్ తెగిపోతే మళ్లీ మొదటికి రావడం, అన్నీ భరించి విన్నారు. క్యాసెట్లు సూట్‌కేసులో మోసుకుపోవాల్సిన కాలం నుంచి వచ్చినవాళ్లకు అది వరమే మరి.

1997లో కంపెనీ పేరు రియల్‌నెట్‌వర్క్స్ అయింది. ఆ జులైలో మైక్రోసాఫ్ట్ 6 కోట్ల డాలర్లు పెట్టింది. సగం డబ్బుతో కంపెనీలో 10 శాతం వాటా, మిగతా సగంతో అప్పటి రియల్ఆడియో, రియల్‌వీడియో కోడ్‌ను వాడుకునే హక్కు కొనుక్కుంది. బయటికి స్నేహం. కానీ మర్నెలలోనే మైక్రోసాఫ్ట్ రియల్‌కు పోటీదారైన వీఎక్స్‌ట్రీమ్ అనే చిన్న కంపెనీనీ కొనేసింది. ఏడాది తిరిగేసరికి గ్లేజర్ సెనేట్‌లో ఉన్నాడు, అదీ మైక్రోసాఫ్ట్ తన కంపెనీలో వాటాదారుగా ఉండగానే.

ఇంతకీ ఒక ప్లేయర్ ఇంకో ప్లేయర్‌ను ఎలా ‘పాడుచేస్తుంది’? విండోస్‌లో రిజిస్ట్రీ అని ఒక పెద్ద పద్దు ఉంటుంది. ఫలానా రకం ఫైలు మీద నొక్కితే ఫలానా ప్రోగ్రామ్ తెరవాలని అందులో రాసి ఉంటుంది. ఎంపీ3కి విన్‌యాంప్, ఆర్ఎంకు రియల్‌ప్లేయర్, డబ్ల్యూఎంఏకు మీడియా ప్లేయర్, ఇలా. కొత్త ప్రోగ్రామ్ వచ్చినప్పుడు ఆ పద్దులో పాత పేరు కొట్టేసి తన పేరు రాసుకోవచ్చు. అడిగి రాసుకుంటే మర్యాద. అడక్కుండా రాసుకోవడమే ఆ రోజుల రివాజు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకున్నట్టు, ప్రతి ప్లేయరూ వచ్చీ రాగానే అన్ని ఫైళ్ల మీదా తన తువ్వాలు వేసేది. పాత ప్లేయర్ తిరిగి తెరిస్తే అది మళ్లీ కొత్తదాని తువ్వాళ్లు తీసేసి తనవి పరిచేది. వినేవాడు ఒక పాట మీద నొక్కి, ఏ ప్లేయర్ తెరుచుకుంటుందో చూడాల్సిందే.

ఈ పద్దు పోరులో అందరూ సమానులు కారు. విండోస్ తయారుచేసేది మైక్రోసాఫ్ట్. పద్దు పుస్తకం దానిది, అందులో ఎవరు ఎక్కడ రాయాలో నియమాలు పెట్టేదీ అదే, పైగా దాని ప్లేయర్ కంప్యూటర్ కొన్న రోజునే లోపల ఉంటుంది. మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం వేసిన దావాలో 1998 అక్టోబరులో విచారణ మొదలైంది. అందులో యాపిల్ అధికారి ఏవీ టెవానియన్ ఇదే గోడు చెప్పుకున్నాడు. విండోస్‌లో తమ క్విక్‌టైమ్ సరిగా నడవకుండా మైక్రోసాఫ్ట్ చేస్తోందన్నాడు. విండోస్‌లో ప్లేయర్ వ్యాపారం వదిలెయ్యమని తమ మీద ఒత్తిడి తెచ్చారనీ, కన్నబిడ్డను పొడిచి చంపమంటున్నారా అని తమవాళ్లు అడిగితే అవునన్నారనీ సాక్ష్యమిచ్చాడు. మైక్రోసాఫ్ట్ కాదంది. ఇక్కడ యాపిల్ బాధితుడి బల్ల మీద కూర్చుని ఉందన్నది మాత్రం పాఠకులు మనసులో పెట్టుకోవాలి. ఆరేళ్లు తిరగకుండా అదే కంపెనీ ఆవలి బల్ల మీద కనపడుతుంది.

ఈ కథలో రియల్‌నెట్‌వర్క్స్‌ను అమాయకురాలిగా చూపించడం కుదరదు. రియల్‌ప్లేయర్ దించుకోవాలని వెళ్తే డబ్బు కట్టే ప్లేయర్ పెద్ద అక్షరాల్లో, ఉచిత ప్లేయర్ ఎక్కడో మూలన కనపడేవి. ఎక్కించుకుంటే ఫైళ్లన్నీ తనవే అనేది. మెసేజ్ సెంటర్ పేరుతో తెర మూలన ప్రకటనలు పొడుచుకొచ్చేవి. తీసేద్దామంటే ఏదో ఒక ముక్క మిగిలిపోయేది. 1999 శరత్కాలంలో ఒక భద్రతా నిపుణుడు ఆ కంపెనీదే ఇంకో ప్రోగ్రామ్ రియల్‌జూక్‌బాక్స్‌ను పరిశీలించి, అది ఎవరు ఏ సీడీలు వింటున్నారో ఒక్కో వినియోగదారుకు ఒక్కో గుర్తింపు సంఖ్య తగిలించి కంపెనీకి చేరవేస్తోందని బయటపెట్టాడు. కంపెనీ క్షమాపణ చెప్పి, దాన్ని ఆపే ప్యాచ్ ఇచ్చింది. 2006లో పీసీ వరల్డ్ పత్రిక అప్పటిదాకా వచ్చిన సాంకేతిక ఉత్పత్తుల్లో అధ్వానమైనవి 25 ఏరితే రియల్‌ప్లేయర్‌కు రెండో స్థానం దక్కింది. మొదటి స్థానం అమెరికా ఆన్‌లైన్‌ది.

అంతకంటే ఆసక్తికరం స్ట్రీమ్‌బాక్స్ దావా. సియాటిల్ ప్రాంతానిదే ఈ చిన్న కంపెనీ కూడా. అది మూడు ప్రోగ్రాములు చేసింది. స్ట్రీమ్‌బాక్స్ వీసీఆర్ అనేది రియల్ సర్వర్ దగ్గరికి వెళ్లి నేనూ రియల్‌ప్లేయర్‌నే అని నమ్మబలికేది. రియల్‌ప్లేయర్‌కూ సర్వర్‌కూ మధ్య నడిచే రహస్య పలకరింపును అనుకరించి, వినడానికి మాత్రమే పంపిన పాటను డిస్కులో దాచుకునేది. రిప్పర్ అనేది రియల్ ఫైళ్లను ఇతర రూపాల్లోకి మార్చేది. ఫెరెట్ అనే మూడోది మరీ చిలిపిది. రియల్‌ప్లేయర్‌లోకి చొరబడి అక్కడి వెతుకులాట బొత్తాన్ని స్ట్రీమ్‌బాక్స్ సొంత సెర్చ్ వైపు తిప్పేది. రియల్‌కు ఆ బొత్తం మీద స్నాప్ అనే కంపెనీతో ఒప్పందం ఉంది.

1999 డిసెంబరులో రియల్ కోర్టుకెక్కింది. పట్టుకున్న చట్టం 1998 నాటి డిజిటల్ మిలీనియం కాపీరైట్ చట్టం. సాంకేతిక తాళాలను పగలగొట్టడమే నేరమనే కొత్త చట్టమది. మర్నెల జడ్జి మార్షా పెచ్‌మన్ వీసీఆర్‌నూ ఫెరెట్‌నూ ఆపమని తాత్కాలిక ఉత్తర్వు ఇచ్చారు, రిప్పర్‌ను మాత్రం వదిలారు. ఆ చట్టం కింద వచ్చిన తొలి తీర్పుల్లో ఇదొకటి. మా పలకరింపును దొంగిలించి మా ప్లేయర్‌లా నటించడం అన్యాయం అన్నది రియల్ వాదన సారం. నాలుగేళ్ల తర్వాత ఇదే వాదన ఇదే చట్టంతో రియల్‌కే ఎదురైంది.

ఈ మధ్యలో మైక్రోసాఫ్ట్ మీద పోరు ఐరోపాకు మారింది. 2004 మార్చి 24న ఐరోపా కమిషన్ తీర్పిచ్చింది. 49.7 కోట్ల యూరోల జరిమానా వేసి, మీడియా ప్లేయర్ లేని విండోస్‌ను కూడా 90 రోజుల్లో అమ్మకానికి పెట్టమంది. కమిషన్ తర్కం సూటిగా ఉంది. ప్రతి కంప్యూటర్‌లోనూ మీడియా ప్లేయర్ ముందే ఉంటే, పాటలు, వీడియోలు పెట్టేవాళ్లు ఆ ప్లేయర్‌కు సరిపడే రూపంలోనే పెడతారు. అలా పెట్టిన కొద్దీ ఆ ప్లేయరే కావాలంటారు జనం. ఇక రియల్‌ప్లేయర్ ఎంత మెరుగైనదైనా గెలవదు. ఇంతవరకూ బాగానే ఉంది. అమలులోనే నవ్వులాట అయింది. మైక్రోసాఫ్ట్ మొదట ఆ కొత్త విండోస్‌కు ‘రిడ్యూస్డ్ మీడియా ఎడిషన్’ అని పేరు పెట్టబోయింది. కోతపెట్టిన సరుకని పేరులోనే చెబితే కొనేదెవరు? కమిషన్ ఒప్పుకోలేదు. చివరికి ‘విండోస్ ఎక్స్‌పీ ఎన్’ అయింది. ధర మాత్రం ప్లేయర్ ఉన్న విండోస్‌కు ఎంతో దీనికీ అంతే. ఒకే డబ్బుకు ఒక వస్తువు తక్కువ తీసుకునేవాడు ఎక్కడుంటాడు? కంప్యూటర్ కంపెనీలు దాని జోలికే పోలేదు. కాగితం మీద గెలుపు ఇంతకంటే స్పష్టంగా ఉండదు.

గ్లేజర్‌కు నిజంగా దక్కింది అమెరికాలో విడిగా వేసిన దావాలో. 2003 డిసెంబరులో శాన్‌హోసే కోర్టులో 100 కోట్ల డాలర్లకు పైగా నష్టపరిహారం అడిగాడు. 2005 అక్టోబరు 11న రాజీ కుదిరింది. మొత్తం 76.1 కోట్ల డాలర్లు. అందులో 46 కోట్లు నష్టపరిహారంగా, మిగతాది సంగీతం, ఆటల వ్యాపారంలో సహకారం కింద. రియల్ ఏడాది అమ్మకాలకు అది రెండింతలకు పైనే. బిల్ గేట్స్, గ్లేజర్ పక్కపక్కన నిలబడి ప్రకటించారు. ఒప్పందంలో భాగంగా ఐరోపాలో, కొరియాలో నడుస్తున్న కేసుల నుంచి రియల్ తప్పుకుంది. ఆ డిసెంబరులో కొరియా వాణిజ్య కమిషన్ మైక్రోసాఫ్ట్‌కు సుమారు 3,300 కోట్ల వాన్ జరిమానా వేసేనాటికి, ఫిర్యాదు చేసినవాళ్లలో ఒకరైన రియల్ అక్కడ లేదు.

గేట్స్‌తో ఆ కరచాలనానికి ఒక కారణం 76 కోట్లయితే, రెండో కారణం యాపిల్. గ్లేజర్ పోరు అప్పటికే అటు తిరిగింది.

యాపిల్ 2000లో సౌండ్‌జామ్ అనే మాక్ ప్లేయర్‌ను దాన్ని రాసిన జెఫ్ రాబిన్‌తో సహా తెచ్చుకుని, 2001 జనవరిలో ఐట్యూన్స్‌గా విడుదల చేసింది. ఆ అక్టోబరులో ఐపాడ్ వచ్చింది. 2002లో విండోస్ వాళ్లకూ ఐపాడ్ అమ్మాలనుకున్నప్పుడు, విండోస్‌కు ఐట్యూన్స్ లేదు గనక, మ్యూజిక్‌మ్యాచ్ జూక్‌బాక్స్ అనే బయటివాళ్ల ప్రోగ్రామ్‌ను డబ్బాలో పెట్టి ఇచ్చింది. 2003 ఏప్రిల్ 28న 99 సెంట్లకో పాట చొప్పున ఐట్యూన్స్ దుకాణం తెరిచారు. ఆ దుకాణంలో కొన్న పాటకు ఫెయిర్‌ప్లే అనే తాళం ఉండేది. ఐట్యూన్స్‌లో, ఐపాడ్‌లో తప్ప ఇంకెక్కడా తెరుచుకోదు. 2003 అక్టోబరు 16న విండోస్‌కూ ఐట్యూన్స్ వచ్చేసింది. మ్యూజిక్‌మ్యాచ్ అవసరం తీరిపోయింది.

మ్యూజిక్‌మ్యాచ్ సొంతంగా పాటల దుకాణం తెరవబోతోందని తెలిసినప్పుడు స్టీవ్ జాబ్స్ తన సహచరులకు ఒక ఈమెయిల్ పంపాడు. వాళ్ల దుకాణం మొదలయ్యేసరికి వాళ్లు ఐపాడ్‌ను వాడుకోలేకుండా మనం చూసుకోవాలి, దానికేమైనా ఇబ్బందా అని అందులో అడిగాడు. ఈ ఉత్తరం చాలా ఏళ్లకు కోర్టులో బయటపడింది. బగ్‌కూ కుట్రకూ తేడా కోడ్ చదివితే తెలియదు, ఎంత పెద్ద ప్రోగ్రామర్‌కైనా. ఇలాంటి ఉత్తరాల్లో తెలుస్తుంది. టెవానియన్ 1998లో మైక్రోసాఫ్ట్ మీద మోపినదానికీ ఈ ఉత్తరంలో ఉన్నదానికీ తేడా ఎక్కడుందో నాకైతే కనపడదు.

రియల్ 2004 జనవరిలో తన పాటల దుకాణం తెరిచింది. దాని తాళం వేరు, పేరు హెలిక్స్. ఐపాడ్‌లో తెరుచుకోదు. చేతుల్లో ఐపాడ్లు ఉన్నవాళ్లకు పాటలమ్మలేని దుకాణం ఎన్నాళ్లు నడుస్తుంది? ఏప్రిల్‌లో గ్లేజర్ జాబ్స్‌కు ఈమెయిల్ రాశాడు. ఫెయిర్‌ప్లేను మాకూ వాడుకోనివ్వండి, చేతులు కలుపుదాం, లేకపోతే మైక్రోసాఫ్ట్ వైపు వెళ్లాల్సి వస్తుంది అన్నట్టు సూచించాడు. ఆ మైక్రోసాఫ్ట్ మీదే అప్పటికి దావా నడుస్తోంది! జాబ్స్ కలవనే లేదు. ఉత్తరం సంగతి న్యూయార్క్ టైమ్స్‌లో వచ్చింది.

జులై 26న రియల్ హార్మొనీ అనే సాంకేతికతను ప్రకటించింది. రియల్ దుకాణంలో కొన్న పాట ఐపాడ్‌లోకి వెళ్లేటప్పుడు దాని హెలిక్స్ తాళం మారి, ఐపాడ్ గుర్తుపట్టే ఫెయిర్‌ప్లే తరహా తాళం పడుతుంది. పాట ఐట్యూన్స్ దుకాణం నుంచే వచ్చిందని ఐపాడ్ అనుకుంటుంది. తాళం తీసెయ్యలేదు, యాపిల్ తాళంలాంటిదే మేం తయారుచేసి వేశాం, ఐబీఎం పీసీకి దీటుగా కంపాక్ సొంతంగా పీసీ చెయ్యలేదా అన్నది రియల్ సమర్థన. ఆ పోలికలో బలముంది. కానీ ఐపాడ్ ముందు ఐట్యూన్స్‌లా నటించడానికీ, రియల్ సర్వర్ ముందు స్ట్రీమ్‌బాక్స్ రియల్‌ప్లేయర్‌లా నటించడానికీ పనితీరులో పెద్ద తేడా లేదు. ఒకటుంది: స్ట్రీమ్‌బాక్స్ కాపీ వద్దన్న పాటను కాపీ చేసింది, రియల్ అమ్మిన పాటను కొన్నవాడి పరికరంలో పెట్టింది. నా మటుకు ఆ తేడా ముఖ్యమైనదే. స్ట్రీమ్‌బాక్స్ మీద గెలిచిన రోజున రియల్ అటువంటి తేడాలు వెతకలేదు, అంతే.

మూడు రోజులకు యాపిల్ ప్రకటన వచ్చింది. ఐపాడ్‌లోకి చొరబడటానికి రియల్ హ్యాకర్ల పద్ధతులూ నీతీ పట్టుకోవడం చూసి నివ్వెరపోయామంది. డిజిటల్ మిలీనియం చట్టం కింద ఏం చెయ్యవచ్చో చూస్తున్నామంది. అన్నిటికంటే గమనించాల్సింది చివరి హెచ్చరిక: ఐపాడ్ సాఫ్ట్‌వేర్‌ను అప్పుడప్పుడూ అప్‌డేట్ చేస్తుంటాం, అప్పుడు హార్మొనీ పనిచెయ్యకుండా పోయే అవకాశం చాలా ఎక్కువ. కోర్టు మెట్లెక్కే అవసరం లేదు. చట్టం సంగతి తర్వాత, అప్‌డేట్ చేతిలో ఉంది.

ఆగస్టులో రియల్ ప్రజల్లోకి వెళ్లింది. పాట ధర సగానికి, 49 సెంట్లకు దించింది. సంగీతంలో స్వేచ్ఛ కావాలంటూ ఆన్‌లైన్‌లో సంతకాల సేకరణ మొదలుపెట్టింది. వచ్చిన జనంలో చాలామంది సంతకానికి బదులు రియల్‌ను తిట్టిపోశారు. రియల్‌ప్లేయర్ తమ కంప్యూటర్లలో ఏళ్ల తరబడి చేసిన ఆగడాలు వాళ్లు మరిచిపోలేదు. స్వేచ్ఛ అన్న మాట ఎంత మంచిదైనా, చెప్పేవాడి గతం వినేవాడికి గుర్తుంటుంది. మూడు వారాల్లో 30 లక్షల పాటలు అమ్మామని మాత్రం కంపెనీ చెప్పుకుంది.

డిసెంబరులో తేలిపోయింది. కొత్త ఐపాడ్ ఫొటోలో రియల్ పాటలు మోగడం లేదు. 2005 వసంతంలో రియల్ మరమ్మతు చేసి మళ్లీ మోగించింది. 2006 సెప్టెంబరు 12న ఐట్యూన్స్ 7.0 వచ్చాక ఆ దారీ మూసుకుపోయింది. ఐపాడ్‌లోని పాటల పట్టీని, తాళంచెవుల సంచిని ఐట్యూన్స్ తప్ప ఎవరు ముట్టుకున్నా కనిపెట్టే తనిఖీలు అందులో పెట్టారు.

2007 ఫిబ్రవరి 6న జాబ్స్ తన కంపెనీ సైటులో సంగీతం మీద ఒక బహిరంగ లేఖ పెట్టాడు. తాళాలు రికార్డు కంపెనీలు అడిగితే వేశాం, వాళ్లొద్దంటే రేపే తీసేస్తాం అన్నాడు. తాళంతో జనాన్ని కట్టిపడేశామన్నది అబద్ధమంటూ లెక్క చూపించాడు: అమ్మిన ఐపాడ్లకు, అమ్మిన పాటలకు సగటు కడితే ఐపాడ్‌కు 22 పాటలే దుకాణంలో కొన్నవి, అంటే లోపలున్న సంగీతంలో 3 శాతం లోపే తాళం పడినది. లెక్క నమ్మవచ్చు. మన దేశాన్నే చూడండి, ఐట్యూన్స్ దుకాణం ఇక్కడ తెరిచింది 2012 డిసెంబరులో. అంతకుముందు హైదరాబాద్‌లో, విజయవాడలో ఐపాడ్ ఉన్న ప్రతివాడూ దాన్ని నింపుకున్నది ఎంపీ3లతోనే. ఫెయిర్‌ప్లే పేరు కూడా మనకు తెలియదు. కానీ లెక్క నిజమైతే ఇంకో సందేహం వస్తుంది. ఆ మూడు శాతం కోసం రియల్‌ను తరమడానికి అన్ని అప్‌డేట్లు ఎందుకు? పరికరంలోకి పాట ఏ ద్వారం గుండా వెళ్లాలో నిర్ణయించే అధికారం పాటల అమ్మకం కంటే విలువైనదని జాబ్స్‌కు తెలుసు. అది లేఖలో రాసే సంగతి కాదు.

ఆ ద్వారం ఎంత గట్టిగా కాపాడారో తాళాలు పోయాక ఇంకా బాగా తెలిసింది. 2009 జనవరిలో యాపిల్ పాటలన్నీ తాళం లేకుండా అమ్ముతామని ప్రకటించింది. ఆ జూన్‌లో పామ్ కంపెనీ ప్రీ అనే ఫోన్ విడుదల చేసింది. పామ్‌ను నడిపిస్తున్నవాడు జాన్ రూబిన్‌స్టైన్, ఒకప్పుడు యాపిల్‌లో ఐపాడ్ విభాగానికి పెద్ద. ప్రీని కంప్యూటర్‌కు తగిలిస్తే అది నేను ఐపాడ్‌నని ఐట్యూన్స్‌కు చెప్పుకునేది, పాటలు ఎక్కేవి. జులై మధ్యలో ఐట్యూన్స్ 8.2.1 ఆపేసింది. వారం తిరిగేసరికి పామ్ కొత్త అప్‌డేట్‌తో తిరిగొచ్చింది. ఈసారి యాపిల్‌కు కేటాయించిన యూఎస్‌బీ గుర్తింపు సంఖ్యనే వాడుకుంది. సెప్టెంబరులో ఐట్యూన్స్ 9 మళ్లీ ఆపింది. పామ్ అంతకుముందే యూఎస్‌బీ ప్రమాణాలు చూసే సంస్థకు ఫిర్యాదు చేసి ఉంటే, ఆ సంస్థ ఇంకొకరి గుర్తింపు సంఖ్య వాడటమే తప్పని పామ్‌నే మందలించింది. అక్టోబరు మొదట్లో పామ్ ఇంకోసారి, నెలాఖరులో యాపిల్ ఇంకోసారి. అక్కడితో పామ్ ఊరుకుంది. మరుసటి ఏడు హెచ్‌పీ దాన్ని కొనేసింది.

ఐట్యూన్స్ 7.0 వ్యవహారం మాత్రం కోర్టులో మిగిలి ఉంది. రియల్ యాపిల్ మీద దావా వెయ్యలేదు. వేసింది ఐపాడ్ కొన్నవాళ్లు, 2005 జనవరిలోనే. పోటీదారుల పాటలు మోగకుండా చేసి, ఐపాడ్‌ను వదిలి వెళ్లలేకుండా కట్టిపడేసి, ఎక్కువ ధర గుంజారన్నది ఆరోపణ. 2004 నాటి అప్‌డేట్ మీద కేసు మధ్యలోనే వీగిపోయింది. 2006 నాటిది నిలబడి, తొమ్మిది పదేళ్లు నలిగి, 2014 డిసెంబరులో ఓక్లాండ్‌లో జడ్జి ఇవాన్ గొంజాలెజ్ రోజర్స్ ముందుకు విచారణకొచ్చింది. సుమారు 80 లక్షల మంది తరఫున 35 కోట్ల డాలర్లు అడిగారు, గెలిస్తే చట్ట ప్రకారం మూడింతలు. పోటీ దుకాణంలో కొన్న పాటలున్న ఐపాడ్‌ను ఐట్యూన్స్‌కు తగిలిస్తే ఏదో పొరపాటు వచ్చింది, ఫ్యాక్టరీ స్థితికి మార్చుకోండి అని సందేశం వచ్చేదనీ, అలా చేస్తే ఆ పాటలన్నీ తుడిచిపెట్టుకుపోయేవనీ వాదుల లాయర్లు చెప్పారు. హ్యాకర్ల బెడద వల్ల, రికార్డు కంపెనీలతో ఒప్పందాల వల్ల ఆ తనిఖీలు తప్పలేదని యాపిల్ చెప్పింది. జాబ్స్ ఈమెయిళ్లు చదివి వినిపించారు. 2011 ఏప్రిల్‌లో, చనిపోవడానికి ఆరు నెలల ముందు, అతనిచ్చిన వాంగ్మూలం వీడియో వేశారు.

అంత పెద్ద దావాకు విచారణ మధ్యలో ఒక విచిత్రమైన చిక్కొచ్చింది. వాదులుగా పేరు పెట్టుకున్నవాళ్లు సరైన తేదీల మధ్య, సరైన రకం ఐపాడ్ కొన్నట్టు రుజువు దొరకలేదు. 80 లక్షల మందిలోంచి నియమాలకు సరిపడే మనిషిని హడావుడిగా వెతికి తెచ్చి కేసు కొనసాగించారు.

జ్యూరీ ముందుకు వెళ్లిన మొదటి ప్రశ్న ఒకటే. ఐట్యూన్స్ 7.0 నిజంగా మెరుగైన సరుకా, కాదా? సినిమాలు చూసే వీలుతో సహా కొత్త హంగులెన్నో ఉన్న అప్‌డేట్ అది. మెరుగైనదే అయితే దానివల్ల పోటీదారుకు నష్టం జరిగిందా, ఉత్తరాల్లో ఏం రాసుకున్నారు అన్నవాటికి పోనే అక్కర్లేదు. డిసెంబరు 16న కొన్ని గంటల చర్చతోనే ఎనిమిది మంది ఏకగ్రీవంగా, అవును, మెరుగైనదే అన్నారు. 1998లో గ్లేజర్ అడిగిన ప్రశ్నకు, అది పొరపాటా కుట్రా అన్నదానికి, ఈ తీర్పు జవాబివ్వలేదు. అడగాల్సిన పని లేదంది. అప్‌డేట్‌లో పదిమందికి పనికొచ్చే హంగులు కలిపి పంపితే, అందులో పోటీదారు మీద వేసిన దెబ్బ విడిగా లెక్కకు రాదన్న పాఠం కంపెనీల లాయర్లు తప్పకుండా నేర్చుకుని ఉంటారు.

గ్లేజర్ ఈలోగా ఇంకో తాళంతో తలపడి ఓడిపోయాడు. 2008లో సినిమా డీవీడీలను కంప్యూటర్‌లో దాచుకునే రియల్‌డీవీడీ తెస్తే హాలీవుడ్ స్టూడియోలు కోర్టుకెళ్లాయి. దాన్ని ఆపుతూ 2009 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది జడ్జి మెరిలిన్ హాల్ పటేల్, పోయిన భాగంలో నాప్‌స్టర్‌ను ఆపిన ఆవిడే. ఆ కేసు 45 లక్షల డాలర్ల చెల్లింపుతో ముగిసింది.

2011 నాటి ఆ వీడియో వాంగ్మూలంలో రియల్‌నెట్‌వర్క్స్ ప్రస్తావన రాగానే జాబ్స్, వాళ్లింకా ఉన్నారా అని అడిగాడు. ఉన్నారు. 2022 డిసెంబరులో గ్లేజర్ మిగతా షేర్లన్నీ తానే కొని కంపెనీని స్టాక్ మార్కెట్ నుంచి తీసేశాడు. దాని పాత ప్లేయర్ ఇప్పటికీ దించుకోవడానికి దొరుకుతుంది.

వచ్చే భాగంలో 2005 అక్టోబరుకు వెనక్కి వెళ్దాం. ఒక సీడీ కొని కంప్యూటర్‌లో పెట్టినందుకు సోనీ పాటలు విండోస్ అడుగున ఏం దాచి వెళ్లాయో చూద్దాం.